ఫ్లూ కేసులను ఎలా లెక్కిస్తారు? బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు తలెత్తుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక మరోసారి. ఆ రెండుసార్లూ నా ఫోనుకు అవే ప్రశ్నలు వస్తాయి. పత్రికలో వచ్చిన అంకెను ఫొటో తీసి పంపి, "ఇది నిజమేనా?" అని అడుగుతారు. వ్యాధి నిఘా పనిలో కొన్నేళ్లు కేసుల జాబితాలు సరిచూసిన వాణ్ని కనుక "నిజమే, కానీ అది దేని లెక్క?" అంటాను. ఆ జవాబు ఎవరికీ నచ్చదు. మారతహళ్లి నుంచి యలహంక దాకా ఉన్న మనవాళ్లకు విడివిడిగా చెప్పీ చెప్పీ అలసిపోయి, అందరి సందేహాలూ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎవరికి కావలసిన ప్రశ్న వారు నేరుగా చదువుకోవచ్చు.

## జ్వరం మొదలైనప్పుడు

నాకు జ్వరం, దగ్గు వచ్చి నాలుగు రోజుల్లో తగ్గిపోయాయి. నేను లెక్కలో ఉన్నట్టా, లేనట్టా?

దాదాపు ఖాయంగా లేనట్టే. మందుల దుకాణంలో పారాసిటమాల్ కొనుక్కుని, మిరియాల చారు తాగి, ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకున్న మనిషి ఏ రిజిస్టరులోనూ ఉండడు. లెక్కలోకి రావాలంటే మీరు వైద్యుడి దగ్గరకు వెళ్లాలి, ఆయన మీ లక్షణాలను నమోదు చేయాలి. ఫ్లూ అని పేరు పెట్టి లెక్కించాలంటే నమూనా తీయాలి, అది ల్యాబుకు చేరాలి, ఫలితం పాజిటివ్ రావాలి, దాన్ని ఎవరో ఒకరు కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఒక్కో మెట్టు దగ్గర కొందరు జారిపోతారు. పైమెట్టుకు చేరినవారి సంఖ్యే మీరు పొద్దున పత్రికలో చదివేది.

డాక్టరు గారు పరీక్ష అవసరం లేదన్నారు. కేసులు తక్కువగా చూపించడానికేనా?

కాదు. ఆయన మార్గదర్శకాలనే పాటించారు. కేంద్ర ఆరోగ్య శాఖ ఫ్లూ రోగులను ఎ, బి, సి అని మూడు వర్గాలుగా విడదీసింది. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు ఉంటే ఎ వర్గం. జ్వరం, గొంతునొప్పి తీవ్రంగా ఉన్నా, రోగి గర్భిణి, 65 ఏళ్లు దాటిన మనిషి, ఊపిరితిత్తులదో గుండెదో పాత జబ్బు ఉన్న మనిషి అయినా బి వర్గం. ఈ రెండు వర్గాలకూ పరీక్ష అక్కరలేదు. బి వర్గంలో అవసరమైతే పరీక్ష లేకుండానే ఒసెల్టామివిర్ మందు మొదలుపెడతారు. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, రక్తపోటు పడిపోవడం, కళ్లెలో రక్తం, గోళ్లు నీలంగా మారడం వంటివి కనిపిస్తే సి వర్గం. అప్పుడు ఆసుపత్రిలో చేర్చుకుని పరీక్ష చేస్తారు.

ఈ పద్ధతికి కారణం ఉంది. ఎ వర్గం రోగికి ఫలితం తెలిసినా వైద్యం మారదు. సీజను ముమ్మరంగా ఉన్నప్పుడు వచ్చిన వారందరికీ పరీక్ష చేస్తే ల్యాబు మూడు రోజుల్లో చేతులెత్తేస్తుంది, ఐసీయూలో ఉన్న మనిషి ఫలితం ఆలస్యమవుతుంది. ఫలితంగా "ధ్రువీకరించిన కేసులు" అనే అంకెలో తీవ్రంగా జబ్బుపడిన వారే ఎక్కువగా ఉంటారు. ఊళ్లో ఫ్లూ ఎంత ఉందో ఆ అంకె చెప్పదు.

ఐఎల్‌ఐ, సారీ అని వార్తల్లో వస్తాయి. అవి ఏమిటి?

రెండూ వ్యాధుల పేర్లు కావు, లక్షణాల గుంపులు. ఐఎల్‌ఐ అంటే ఫ్లూను పోలిన జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం థర్మామీటరు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి చూపాలి, దగ్గు ఉండాలి, జబ్బు మొదలై 10 రోజులు దాటకూడదు. ఇవే లక్షణాలతో ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే దాన్ని సారీ అంటారు. సారీకి జ్వరం కొలిచి చూడనక్కరలేదు, జ్వరం వచ్చిందని రోగి చెప్పినా చాలు.

ఈ గుంపుల్లో ఫ్లూ ఉంటుంది, కోవిడ్ ఉంటుంది, ఆర్‌ఎస్‌వీ అనే మరో శ్వాసకోశ వైరస్ ఉంటుంది, మామూలు జలుబు వైరస్‌లూ ఉంటాయి. కాబట్టి "లక్ష ఐఎల్‌ఐ కేసులు" అంటే లక్ష ఫ్లూ కేసులు అని చదవకండి. ఇంకో మాట. జ్వరం లేకుండా ఫ్లూ వచ్చే వృద్ధులు ఉంటారు, వారు ఈ నిర్వచనంలోంచి జారిపోతారు. అది తెలిసీ ఈ గీత గీశారు. ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే ఈ ఏడాదిని పోయిన ఏడాదితో పోల్చడం కుదరదు.

మా పీజీలో ఒకే వారంలో ఎనిమిది మందికి జ్వరం వచ్చింది. దీన్ని అవుట్‌బ్రేక్ అంటారా?

అనవచ్చు. ఒకచోట, ఒక కాలంలో, మామూలుగా ఉండేదానికంటే ఎక్కువ కేసులు వస్తే అవుట్‌బ్రేక్. దానికి ఇన్ని వందలు ఉండాలన్న నియమం లేదు. ఒకే వంటగది, ఒకే స్నానాలగది, గదికి మూడు మంచాలు ఉండే పీజీ హాస్టల్లో ఎనిమిది మందంటే చిన్న సంగతి కాదు. దగ్గరలోని నమ్మ క్లినిక్‌లో గానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ చెప్పండి. 104 ఆరోగ్య సహాయవాణికి ఫోను చేసినా సరే. వచ్చిన బృందం ఎనిమిది మందికీ స్వాబులు తీస్తుందనుకోకండి. కొందరికే తీసి, ఫ్లూ అని తేలితే, అవే లక్షణాలున్న మిగతావారిని వారితో సంబంధం ఉన్న కేసులుగా రాసుకుంటుంది. పీజీ యజమానికి ఈ ఫోను నచ్చదు. ఆయన సంగతి తరవాత చూసుకోవచ్చు.

## ల్యాబులో

స్వాబు తీసుకెళ్లాక ఏం జరుగుతుంది? ఫలితానికి అంత ఆలస్యం ఎందుకు?

ముక్కు లోపలి నుంచి, గొంతు నుంచి తీసిన స్వాబును గులాబీ రంగు ద్రవం ఉన్న చిన్న సీసాలో ముంచి, పుల్ల విరిచి, మూత బిగిస్తారు. ఆ ద్రవం వైరస్‌ను చెడకుండా ఉంచుతుంది. సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ల్యాబుకు చేరాలి. అవుటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి ఐసు పెట్టెతో ఇరుక్కున్న మనిషిని తలచుకోండి, ఆలస్యంలో సగం అక్కడే తెలిసిపోతుంది. ల్యాబులో నమూనాలు ఒక విడత నిండే దాకా ఆగి ఆర్‌టీ-పీసీఆర్ యంత్రంలో పెడతారు. యంత్రం తీసుకునేది కొద్ది గంటలే. మిగతా సమయమంతా ప్రయాణం, వరుస, రాతపనులదే.

బెంగళూరులో ఈ పరీక్షలకు నిమ్హాన్స్‌లో ల్యాబు ఉంది, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు ఇక్కడ శాఖ ఉంది, భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, ల్యాబుల వ్యవస్థ ఉంది. ప్రైవేటు ల్యాబులు సరేసరి.

ర్యాపిడ్ కిట్‌లో నెగెటివ్ వచ్చింది, ఆసుపత్రి పీసీఆర్‌లో పాజిటివ్ వచ్చింది. ఏది లెక్కలోకి వెళ్తుంది?

పీసీఆర్. ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష ఫ్లూ ఉన్నవారిలో సుమారు సగం నుంచి 70 శాతం దాకా మాత్రమే పట్టుకుంటుంది. అది పాజిటివ్ అంటే చాలావరకు నమ్మవచ్చు, నెగెటివ్ అంటే నమ్మలేం. ఇంట్లో చేసుకున్న కిట్ ఫలితం అయితే చెత్తబుట్టలోకే వెళ్తుంది, ఏ లెక్కలోకీ వెళ్లదు.

హెచ్1ఎన్1, హెచ్3ఎన్2, బి రకం అని ఎందుకు విడదీస్తారు? స్వైన్ ఫ్లూ మళ్లీ వచ్చిందంటే భయపడాలా?

ఇవన్నీ ఫ్లూ వైరస్‌లే, మొదటి రెండూ ఇన్‌ఫ్లుయెంజా ఎలోని ఉపరకాలు. ఏ రకం తిరుగుతోందో తెలిస్తేనే వచ్చే టీకాలో ఏది పెట్టాలో తెలుస్తుంది. 1952 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద దేశదేశాల ల్యాబులు కలిసి చేస్తున్న పని ఇది. కొన్నిచోట్ల నమూనాకు "ఇన్‌ఫ్లుయెంజా ఎ" అని మాత్రమే తేల్చి వదిలేస్తారు, ఉపరకం చూడరు. అందుకే ఉపరకాల అంకెలన్నీ కూడినా మొత్తానికి సరిపోవు. ఆ తేడాను చూసి ఎవరో కేసులు మాయం చేశారనుకోవద్దు.

స్వైన్ ఫ్లూ అన్న పేరు 2009 నాటిది. ఆ హెచ్1ఎన్1 వైరస్ తరవాత వెళ్లిపోలేదు, మనుషుల్లో ఏటా తిరిగే మామూలు సీజను వైరస్‌గా మారిపోయింది. "స్వైన్ ఫ్లూ తిరిగొచ్చింది" అని శీర్షిక పెట్టేవారికి అది అసలు వెళ్లనేలేదని ఎవరైనా చెప్పాలి.

## జాబితాలోకి ఎక్కేటప్పుడు

ఈ లెక్కలు అసలు ఎవరు రాస్తారు?

2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం, అంటే ఐడీఎస్‌పీ, మూడు ఫారాల మీద నడుస్తుంది. ఆరోగ్య కార్యకర్త లక్షణాలను బట్టి రాసేది ఎస్ ఫారం. వైద్యుడు తన అంచనాతో రాసేది పి ఫారం. ల్యాబు ధ్రువీకరించి రాసేది ఎల్ ఫారం. ఒకప్పుడు ఇవి కాగితాల మీద వారానికోసారి జిల్లా కేంద్రానికి చేరేవి. 2021 ఏప్రిల్ నుంచి దేశమంతా ఐహెచ్‌ఐపీ అనే పోర్టల్‌లో నేరుగా ఎక్కిస్తున్నారు. ఎవరైనా అంకె చెబితే అది ఏ ఫారంలోదో అడగండి. ఎస్‌లోది అనుమానం, పిలోది అంచనా, ఎల్‌లోది రుజువు.

ఒకే మనిషికి రెండు ఆసుపత్రుల్లో పరీక్ష చేస్తే రెండు కేసులుగా లెక్కపడదా?

పడుతుంది, ఎవరూ చూడకపోతే. చూసే పని నేను చేసినదే కనుక కాస్త వివరంగా చెబుతాను.

లైన్ లిస్టు అంటే ఒక్కో రోగికి ఒక్కో వరుస ఉండే పెద్ద పట్టిక. పేరు, వయసు, చిరునామా, ఫోను, లక్షణాలు మొదలైన తేదీ, నమూనా తీసిన తేదీ, ఫలితం వచ్చిన తేదీ, ఆసుపత్రి. మన తెలుగువారి పేర్లు ఈ పట్టికకు పెద్ద పరీక్ష. ఒక ఫిబ్రవరిలో నా ముందున్న జాబితాలో ఒకావిడ పేరు రెండుచోట్ల ఉంది. మొదటి వరుసలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంది. రెండో ఆసుపత్రి వారు ఇక్కడి అలవాటు ప్రకారం పొడి అక్షరాన్ని వెనక చేర్చి, పేరులో ఒక అక్షరం మింగేశారు. వయసు ఒకచోట 61, మరోచోట 62. ఊరు ఒకచోట మారతహళ్లి, మరోచోట మారత్‌హల్లి. కంప్యూటర్ దృష్టిలో వీరు ఇద్దరు మనుషులు. ఫోను నంబరు ఒకటే కావడంతో దొరికిపోయింది, ఒక వరుస తీసేశాను.

ఆ ఉత్సాహంతో ఒకే ఫోను నంబరు ఉన్న వరుసలన్నీ వేటాడాను. మూడు వరుసలు దొరికితే రెండు కొట్టేశాను. మర్నాడు తెలిసింది, అవి తల్లి, కొడుకు, మనవరాలు. ముగ్గురికీ ఫ్లూనే, ఇంట్లో నంబరు ఇచ్చిన ఫోను మాత్రం ఒక్కటి. మళ్లీ చేర్చాను. అప్పటికే ఆనాటి బులెటిన్ వెళ్లిపోయింది, అందులో రెండు కేసులు తక్కువ పడ్డాయి. మొత్తం కేసులు ఒక రోజు తగ్గి మర్నాడు పెరగడం చూసి కాకిలెక్కలు అని కొట్టిపారేసే ముందు, అలాంటి రెండు వరుసలు ఉండి ఉంటాయని గుర్తుంచుకోండి.

మా నాన్నగారిని మదనపల్లె నుంచి తెచ్చి ఇక్కడ చేర్చాం. ఆయన కర్ణాటక కేసా, ఆంధ్రప్రదేశ్ కేసా?

సాధారణంగా నివాసాన్ని బట్టి లెక్కిస్తారు. వైద్యం జరిగిన చోటు బెంగళూరు అయినా, జబ్బు పట్టుకున్నది సొంత ఊళ్లో కనుక అక్కడి వారికి సమాచారం వెళ్లాలి. ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని చూడవలసింది అక్కడి బృందమే. హిందూపురం, కుప్పం, మదనపల్లె, హోసూరు నుంచి బెంగళూరు ఆసుపత్రులకు రోజూ మనుషులు వస్తారు. చిక్కంతా చేర్చేటప్పుడు వస్తుంది. కౌంటరు దగ్గర హడావుడిలో కొడుకు తన మహదేవపుర ఫ్లాటు చిరునామా ఇస్తాడు. ఆ క్షణంలో మదనపల్లె కేసు బెంగళూరు కేసు అయిపోతుంది. మీరు అక్కడ నిలబడినప్పుడు నాన్నగారు జబ్బుపడిన రోజున ఎక్కడ ఉన్నారో ఆ చిరునామా కూడా రాయించండి.

ప్రైవేటు ఆసుపత్రులు నిజంగా అన్నీ చెబుతాయా?

పెద్దవి చెబుతాయి, ఎందుకంటే అక్కడ ఆ పనికే ఒక మనిషి ఉంటారు. వీధి చివర ఒక వైద్యుడు, ఒక కాంపౌండరు నడిపే క్లినిక్ నుంచి నమోదు తక్కువ. రోజుకు అరవై మందిని చూసే ఆయన రాత్రి పదింటికి పోర్టల్ తెరుస్తారని నేను అనుకోను.

## బులెటిన్ వచ్చాక

నిన్న 10 కేసులు, ఇవాళ 40. ఒక్క రోజులో నాలుగు రెట్లు పెరిగిందా?

ముందు నిన్న వారంలో ఏ రోజో చూడండి. నిన్న ఆదివారమైతే, ఇవాళ్టి 40లో శని, ఆదివారాల నమూనాల ఫలితాలు కలిసి ఉంటాయి. నిన్న యంత్రం పాడైనా, కిట్లు అయిపోయినా ఇదే జరుగుతుంది. పైగా "ఇవాళ్టి కేసులు" అంటే ఇవాళ జబ్బుపడినవారు కాదు, ఇవాళ ఫలితం నమోదైనవారు. వారిలో కొందరికి జ్వరం మొదలై పది రోజులు దాటి ఉండవచ్చు.

నిఘా విభాగంలో పనిచేసేవారు రోజువారీ అంకెను పెద్దగా పట్టించుకోరు. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారంగా తీసుకుని, లక్షణాలు మొదలైన తేదీ ప్రకారం కేసులను పేర్చి గీత గీస్తారు. జబ్బు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది ఆ గీతలో కనిపిస్తుంది. అందులోనూ చివరి ఒకటి రెండు వారాలు ఎప్పుడూ కిందికి దిగినట్టే ఉంటాయి, ఎందుకంటే ఆ వారాల ఫలితాలు ఇంకా అందుతూనే ఉంటాయి. అది చూసి "తగ్గుముఖం పట్టింది" అని రాసినవారు పదిహేను రోజుల తరవాత ఇబ్బంది పడతారు.

పోయిన వారం అంకెను ఈ వారం ఎందుకు మార్చారు? మొదట అబద్ధం చెప్పారా?

ఆలస్యంగా వచ్చిన ఫలితాలు జబ్బు మొదలైన వారంలోకి చేరతాయి కనుక పాత అంకె పెరుగుతుంది. రెండుసార్లు పడిన వరుసలు తీసేస్తే తగ్గుతుంది. ఎన్నడూ మారని అంకెను చూస్తే నాకు అనుమానం.

ఒక పత్రికలో 451 అని, ఇంకోదాంట్లో 3 వేలు అని, టీవీలో 4 లక్షలు అని వచ్చింది. ఎవరిని నమ్మాలి?

2023 మార్చిలో సరిగ్గా ఇదే జరిగింది. మూడూ కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పినవే, మూడూ సరైనవే. జనవరి 2 నుంచి మార్చి 5 దాకా దేశంలో ల్యాబుల్లో తేలిన హెచ్3ఎన్2 కేసులు 451. జనవరి 1 నుంచి మార్చి 9 దాకా అన్ని రకాల ఫ్లూ కలిపి ధ్రువీకరించినవి 3,038. అందులో జనవరిలో 1,245, ఫిబ్రవరిలో 1,307, మార్చి మొదటి తొమ్మిది రోజుల్లో 486. ఇక ఒక్క ఫిబ్రవరిలో శ్వాసకోశ జబ్బులు, ఫ్లూను పోలిన జబ్బులుగా నమోదైనవి 4,36,523.

ఒకటి ఒక ఉపరకం, ఒకటి మొత్తం ఫ్లూ, ఒకటి లక్షణాల గుంపు. కాలాలూ వేరు. వీటిని పక్కపక్కన పెట్టి పోల్చడమంటే బియ్యం బస్తాలను, అన్నం ముద్దలను ఒకే తక్కెడలో వేయడమే.

పాజిటివిటీ రేటు అంటే ఏమిటి? అది మంచి కొలతేనా?

పరీక్షించిన వంద నమూనాల్లో ఎన్ని పాజిటివ్ వచ్చాయో చెప్పేది. కేసుల సంఖ్య కంటే ఇది మెరుగు. పరీక్షలు రెట్టింపు చేస్తే కేసులు పెరుగుతాయి, రేటు మాత్రం దానంతటది పెరగదు. కానీ ఎవరిని పరీక్షిస్తున్నారన్నది మారకూడదు. పోయిన వారం ఐసీయూ రోగులను మాత్రమే చూసి, ఈ వారం ఓపీ వారిని కూడా చూస్తే రెండు రేట్లకూ పొంతన ఉండదు. అందుకే కొన్ని ఆసుపత్రులను ఎంచుకుని, ఏడాది పొడవునా ఒకే నియమంతో నమూనాలు తీస్తారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు కదా, అదే పద్ధతి. కాకపోతే ఆ మెతుకు రోజూ కుండ అడుగు నుంచే తీయకూడదు.

బెంగళూరులోనే ఇన్ని కేసులు, రాయచూరులో అన్ని తక్కువ. నగరమే రోగాల పుట్టా?

మూడు సంగతులు చూడాలి. మొదటిది జనాభా, లక్ష మందికి ఎన్ని అని లెక్కవేయాలి. రెండోది ల్యాబులు. ఎక్కడ పరీక్షలు ఎక్కువో అక్కడ కేసులు ఎక్కువ తేలతాయి. మూడోది బయటి ఊళ్ల రోగులు.

ఆ "లక్ష మందికి" అన్న మాటలో కూడా మెలిక ఉంది. మన చేతిలో ఉన్న ఆఖరి జనగణన 2011 నాటిది. అప్పటి బృహత్ బెంగళూరు మహానగర పాలికె జనాభా 84 లక్షల పైచిలుకు. 2021లో జరగవలసిన జనగణన 2027కు చేరింది. ఈ మధ్యలో వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు ఎంత జనం వచ్చి చేరారో అక్కడ అద్దె ఇల్లు వెతికిన వారికి తెలుసు. 2025 సెప్టెంబరులో పాలికె పోయి గ్రేటర్ బెంగళూరు ప్రాధికార కింద ఐదు నగరపాలికెలు వచ్చాయి. "తూర్పు" అని పాత పట్టికలో ఉన్నదీ, "తూర్పు" అని కొత్త పట్టికలో ఉన్నదీ ఒకే ప్రాంతమని అనుకుని పోల్చకండి.

"కొత్త వైరస్ బెంగళూరులో అడుగుపెట్టింది" అని వచ్చింది. అంటే బయటి నుంచి వచ్చినట్టేనా?

2025 జనవరి 6న హెచ్‌ఎంపీవీ అనే శ్వాసకోశ వైరస్ విషయంలో నగరం ఇలాగే ఉలిక్కిపడింది. బెంగళూరులో ఇద్దరు పసిపిల్లల్లో ఆ వైరస్ కనబడిందని ఐసీఎంఆర్ చెప్పింది. ఆ ప్రకటనలోనే, ఇది మామూలు నిఘాలో తేలిందని, పిల్లలెవరూ విదేశాలకు వెళ్లలేదని, ఈ వైరస్ మన దేశంలో ముందు నుంచీ ఉన్నదేనని కూడా ఉంది. ఆ వైరస్‌ను 2001లోనే గుర్తించారు. ఆ రోజు మా అపార్టుమెంటు లిఫ్టులో మాస్కులు మళ్లీ కనిపించాయి. "కనబడింది" అంటే "వచ్చింది" అని కాదు, వెతికినవారు ఉన్నారని.

## మరణాల లెక్క

ఫ్లూ వల్ల చనిపోయారని ఎవరు నిర్ణయిస్తారు?

ఆసుపత్రిలో మరణిస్తే వైద్యుడు ఫారం 4లో కారణాలు రాస్తారు. అందులో ఒక వరస ఉంటుంది. పైన తక్షణ కారణం, ఉదాహరణకు శ్వాస విఫలం కావడం. దాని కింద అందుకు దారితీసినది, న్యుమోనియా. అన్నిటికంటే కింద అసలు మూలం, ఫ్లూ. మధుమేహం వంటి పాత జబ్బులకు వేరే భాగం ఉంటుంది. ఆ కింది గడి ఖాళీగా వదిలేస్తే ఆ మరణం గణాంకాల్లో ఉత్త న్యుమోనియాగా మిగిలిపోతుంది. అంతర్జాతీయ సంకేతాల్లో కూడా వైరస్ తేలిన సీజను ఫ్లూకు జె10, తేలని ఫ్లూకు జె11 అని విడి గుర్తులు ఉన్నాయి.

అధికారిక ప్రకటనకు ముందు నిపుణుల కమిటీ కేసు కాగితాలన్నీ చూసి, మరణానికి ఫ్లూ కారణమా, లేక ఫ్లూ కూడా ఉందా అని తేలుస్తుంది. 2023లో హాసన్ జిల్లాకు చెందిన వృద్ధుడు హెచ్3ఎన్2తో మార్చి 1న మరణిస్తే, దేశానికి ఆ సంగతి తెలిసింది 10న. ఆ జాప్యాన్ని దాపరికం అన్నారు కొందరు. నమూనా ఫలితం, కాగితాల పరిశీలన జరగకుండా మర్నాడే చెప్పి ఉంటే తొందరపాటు అని వారే అనేవారు.

2015లో మన దేశంలో 42,592 హెచ్1ఎన్1 కేసులకు 2,990 మంది చనిపోయారట. అంటే వందలో ఏడుగురు పోతారా?

భాగహారం సరైనదే, 7 శాతమే వస్తుంది. తప్పు కింది అంకెలో ఉంది. ఆ 42,592 మంది హెచ్1ఎన్1 సోకిన వారందరూ కాదు. ఎక్కువగా తీవ్ర లక్షణాలతో వచ్చి, పరీక్ష చేయించుకుని, పాజిటివ్ తేలినవారు. ఇంట్లోనే కోలుకున్న లక్షల మంది కింది అంకెలో లేరు. వారిని చేర్చగలిగితే శాతం బాగా పడిపోతుంది. పై అంకె కూడా పూర్తి కాదు, పరీక్ష జరగకుండా పోయినవారు అందులో లేరు. "ఆసుపత్రి దాకా వచ్చి ధ్రువపడిన వందమందిలో ఏడుగురు" అంటే ఒప్పుకుంటాను. "ఫ్లూ వచ్చిన వందమందిలో" అంటే ఒప్పుకోను.

మరి అసలు మరణాలు ఎన్నో ఎప్పటికైనా తెలుస్తుందా?

తలలు లెక్కపెట్టి తెలుసుకోలేం, అంచనా వేస్తారు. 2009 హెచ్1ఎన్1 మహమ్మారిలో ప్రపంచమంతటా ల్యాబు ధ్రువీకరించిన మరణాలు సుమారు 18,500. మూడేళ్ల తరవాత పరిశోధకులు వేసిన అంచనా 2,84,500, అంటే పదిహేను రెట్లు. ఆ అంచనాకూ 1,51,700 నుంచి 5,75,400 దాకా వెడల్పు ఉంది. ఏటా వచ్చే సీజను ఫ్లూతో శ్వాసకోశ మరణాలు 2.9 లక్షల నుంచి 6.5 లక్షలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అంచనాయే.

ఒక పద్ధతి అదనపు మరణాలు చూడటం. మామూలు ఏడాదిలో ఈ వారంలో ఎన్ని మరణాలు ఉంటాయి, ఈసారి ఎన్ని ఎక్కువ అని. 1847లో లండన్‌లో ఫ్లూ వచ్చినప్పుడు విలియం ఫార్ అనే గణాంకవేత్త చేసింది ఇదే. 1918లో ఫ్లూ మహమ్మారి వచ్చేనాటికి ఫ్లూ వైరస్ అనేది ఉందనే తెలియదు, దాన్ని మనుషుల నుంచి వేరుచేసింది 1933లో. అయినా ఆనాటి విలయం జనగణనలో దాగలేదు. 1911లో 25.2 కోట్లున్న దేశ జనాభా 1921లో 25.13 కోట్లకు తగ్గింది. మన జనగణనల్లో జనాభా తగ్గిన దశాబ్దం అదొక్కటే.

## అల తగ్గాక

కేసులు ఇంకా వస్తుంటే లెక్కించడం ఆపేశామంటారు. చేతులెత్తేసినట్టేనా?

2009లో మన దేశంలో మొదటి హెచ్1ఎన్1 కేసు మే 16న హైదరాబాద్‌లో తేలింది. మొదట్లో ప్రతి కేసూ ముఖ్యమే. ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరిని కలిశారు అని వెంటపడితే వ్యాప్తిని కాస్త నిలవరించవచ్చు. ఊరంతా పాకాక ఆ పరుగుకు అర్థం లేదు. అందుకే అదే ఏడాది జూలై 16న, వ్యాప్తి విస్తరించిన దేశాలు ఒక్కో కేసునూ పరీక్షించి పంపనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. లెక్క ఆగలేదు, తీరు మారింది. ఎంతమంది ఆసుపత్రిలో చేరుతున్నారు, ఎంతమంది మరణిస్తున్నారు, వైరస్ స్వభావం మారుతోందా అన్నవి చూస్తారు. ఈ మార్పు జరిగిన వారం గీత ఒక్కసారిగా పడిపోతుంది, అది జబ్బు తగ్గడం కాదు.

దేశంలో హెచ్1ఎన్1 కేసులు 2015లో 42 వేలు, 2016లో 1,786, 2017లో మళ్లీ 38 వేలు. ఈ అంకెలు నమ్మేవేనా?

ఎగుడుదిగుడు చాలావరకు నిజమైనదే. పెద్ద అల వచ్చిన ఏడాది చాలామందికి రోగనిరోధక శక్తి వస్తుంది, మరుసటి ఏడాది వైరస్‌కు మేత తక్కువ. 2017లో 38,811 కేసులు, 2,270 మరణాలు నమోదయ్యాయి. దానిమీద ఇంకో పొర కూడా ఉంటుంది. వార్తలు ముమ్మరంగా ఉన్న ఏడాది జనం పరీక్షకు ఎగబడతారు, వైద్యులూ ఎక్కువ రాస్తారు. 2020లో 2,752 కేసులే నమోదయ్యాయి. మాస్కులు, ఇళ్లలో ఉండటం వల్ల ఫ్లూ నిజంగానే తగ్గింది, దాంతోపాటు ల్యాబులన్నీ కోవిడ్ పనిలో మునిగి ఫ్లూ కోసం వెతకడమూ తగ్గింది. ఏది ఎంత అని విడదీయడం కష్టం.

లైన్ లిస్టులో నా పేరు, ఫోను ఉంటాయంటున్నారు. అవి బయటికొస్తే?

బులెటిన్‌లో వయసు, లింగం, జిల్లా వరకే ఉండాలి. పేరున్న జాబితా ఆ కేసుతో పనున్న అధికారుల మధ్యే తిరగాలి. ఎవరైనా మీ అపార్టుమెంటు వాట్సాప్ గుంపులో అలాంటి జాబితా పెడితే, మరొకరికి పంపకుండా తీసేయమని చెప్పండి. నేను ఒకసారి చెప్పాను. పెట్టిన పెద్దాయన, "మన మంచికేగా" అన్నారు. జాబితాలో ఆరో వరుసలో ఆయన కోడలి పేరు ఉందని చూపించాక తీసేశారు.